పులిమీద నెపము

నందికొట్కూరునుండి ఒక శ్రోత మాకొక ఉత్తరము వ్రాసినారు. వంశీ దర్శకత్వమున 1985లో వెలువడిన 'అన్వేషణ' చిత్రమును ఆయన ఈమధ్య మరల చూచినారట. చంపుచున్నదెవరో మొదటి పర్యాయమే తెలిసిపోయినది గదా, రెండవమారు చూచునప్పుడు భయమెందుకు కలుగవలెనని ఆయన ప్రశ్న. చిత్రము ముగిసిన పిమ్మట దొడ్డిలోనికి పోవుటకు బ్యాటరీ దీపము వెంట తీసికొనిపోయినానని కూడ దాచకుండ వ్రాసినారు.

ప్రశ్న చిన్నదిగా కనబడును గాని చిన్నది కాదు. అపరాధపరిశోధక కథ యనగా ఒక ముడి వేయుట, దానిని విప్పుట అని మనము సాధారణముగా అనుకొందుము. ముడి విడిపోయిన తరువాత మిగులునది దారము మాత్రమే. అట్టి కథలను రెండవమారు ఎవరును చదువరు. రైలులో చదివి బల్లమీదనే విడిచి దిగిపోవుదురు. కాని కొన్ని చిత్రములలో ముడి విడినను ఏదియో మిగిలియుండును. వరుసగా హత్యలు చేయు నొక మనిషిని వెదకు చిత్రములలో ఇది మరింత స్పష్టము. ఆ మిగిలినదానికి వాతావరణమని పేరు పెట్టి విమర్శకులు ఊరకుందురు. శబ్దమునే నమ్ముకొని బ్రతుకుచున్న మావంటివారికి ఆ పేరుతో తృప్తి కలుగదు. వాతావరణము ఏమి చేయుచున్నదో చూడవలెను.

మొదట 'అన్వేషణ' సంగతి. తలకోన అడవులలో చిత్రీకరించిన కథ యిది. హేమ యను యువతి పక్షుల కూతలకును సంగీతమునకును గల సంబంధమును పరిశోధించుటకై అడవి ప్రాంతమునకు వచ్చును. భానుప్రియ ఆ పాత్రను ధరించినారు. ఆ అడవిలో మనుష్యులు చనిపోవుచుందురు. పులి చంపుచున్నదని అందరును నమ్ముదురు. కార్తీక్, శరత్‌బాబు, కైకాల సత్యనారాయణ, రాళ్ళపల్లి ప్రభృతులు ఆమె చుట్టును ఉందురు. ఎవరి ముఖమును చూచినను మనకు అనుమానము కలుగును. ఛాయాగ్రాహకుడు ఎం.వి. రఘు, సంగీతదర్శకుడు ఇళయరాజా.

ఇందు కథానాయిక చేయు పనియే వినుట. ఇది ఊరక పెట్టిన సంగతి కాదు. పిట్ట కూతను జాగ్రత్తగా వినుటకు వచ్చిన మనిషి ఆ అడవిలో తిరుగుచున్నప్పుడు ఆమెతోబాటు మనమును చెవి యొగ్గుదుము. చెవి యొగ్గిన మనిషికి ఎండుటాకు కదలినను పెద్ద చప్పుడే. పైగా కెమెరా పలుమార్లు చెట్లచాటునుండి చూచును. ఎవరో చూచుచున్నారు, ఆ చూపు మృగముదా, మనిషిదా యని మనకు తెలియదు. ఇళయరాజా కూడ ఈ చిత్రమున కీరవాణి రాగమును పాటకు వాడుకొన్నారు, ఆ రాగమును పేరుతో పిలుచుచునే పాట నడచును. కీరవాణిలో మాధుర్యమును దిగులును విడదీయుట కష్టము. ఆనందముగా పాడుకొనుచున్నప్పుడు కూడ వినువారి మనస్సులో సన్నని గుబులు ఉండుటకు అదియొక కారణమని మాకు తోచును.

మా స్టూడియో అనుభవమును ఇచ్చట చెప్పిన అప్రస్తుతము కాబోదు. మాకు వాన కురియుటకు మబ్బులు అక్కరలేదు. ఎండు బఠాణీలను జల్లెడలో దొర్లించిన వాన. పలుచని ఇనుపరేకును ఊపిన ఉరుము. రెండు కొబ్బరిచిప్పలను తట్టిన గుఱ్ఱపు డెక్కలు. సన్నకాగితమును నలిపిన నిప్పు. ఇప్పుడివన్నియు ముందే ముద్రించిన శబ్దములుగా దొరకుచున్నవి. అయినను జల్లెడ వానలోనే తడి ఎక్కువ యని మాలో పాతవారి పట్టుదల.

మాకు చేతకాని శబ్దమొకటి కలదు. అది నిశ్శబ్దము. రేడియోలో పది క్షణములు చప్పుడు లేకపోయినచో శ్రోత యంత్రము చెడిపోయినదని మీట త్రిప్పును. సినిమాకు ఆ బాధ లేదు. తెరమీద ఖాళీయైన బాట కనబడుచుండగా అన్ని చప్పుళ్ళను ఆపివేయవచ్చును. అడవి నెరిగినవారికి దీని అర్థము బాగుగా తెలియును. పులి తన రాకను తాను చాటుకొనదు. కొండముచ్చు చెట్టుపైనుండి అరచును. దుప్పి హెచ్చరికగా కూయును. ఆ తరువాత అంతయు సద్దుమణగును. పశువుల కాపరి భయపడునది ఆ సద్దుమణగుటను చూచి.

నందికొట్కూరువారికి ఇది పుస్తకములనుండి చెప్పవలసిన పని లేదు. ఆత్మకూరు దాటినచో నల్లమల. దేశములో పులుల సంరక్షణ పథకము 1973లో మొదలైనది. నాగార్జునసాగర్–శ్రీశైలము అడవులు 1983లో అందులో చేరినవి. వైశాల్యమున ఇది దేశములోకెల్ల పెద్ద పులుల అభయారణ్యము. 2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట కృష్ణకు ఆవలి భాగము అమ్రాబాద్ పేరున తెలంగాణలో నున్నది. ఇట్టి అడవి అంచున బ్రతుకువారికి పులి చంపినదానికిని మనిషి చంపినదానికిని భేదము తెలియును. పులి మెడను గాని గొంతును గాని కరచి చంపును. కోరలు దిగిన గాయములు లోతుగా నుండును. చంపినదానిని పొదలచాటునకు ఈడ్చుకొనిపోవును. నేలమీద ఆ ఈడ్పు జాడ నిలుచును. మెత్తని మన్నులో అడుగులు పడును. తిని విడిచినదానికొరకు మరల వచ్చును. మనిషి మాంసమునకు అలవాటుపడిన పులులు మిక్కిలి అరుదు. అవి చాలవరకు గాయపడినవో, ముసలివో యగునని కుమావూ కొండలలో అట్టి పులులను వేటాడిన జిమ్ కార్బెట్ తన 1944నాటి గ్రంథమున వివరించినారు.

అనగా పులి తాను చేసినపనికి సాక్ష్యమును నేలమీదనే విడిచిపోవును. వెదకి చూచినచో, చేయనిపనికి ఆ సాక్ష్యము లేదనియు తెలియును. అట్లయినను కథలోని జనులు పులి పేరే చెప్పుదురు. పులి పేరు చెప్పుట సులభము గనుక. పులి కాదన్న పక్షమున, తమలో ఒకడని ఒప్పుకొనవలసి వచ్చును. నిన్న తమతో కూర్చుండి కాఫీ త్రాగినవానిని నేడు అనుమానింపవలెను. అంతకంటె మృగమే మేలు.

మా శ్రోత ప్రశ్నకు ఇక్కడ కొంత సమాధానము దొరకుచున్నది. మొదటిమారు చూచునప్పుడు ఎవరు చంపుచున్నారోయని భయపడుదుము. రెండవమారు, ఆ సంగతి మనకు తెలిసి వారికి తెలియకపోవుటను చూచి భయపడుదుము. పులి, పులి యని వారు చెప్పుకొనుచుండగా నిజమైన హంతకుడు ఆ మాటల చాటున నిలుచుండుట మనకు కనబడుచునే యుండును. చెప్పబోయిన వినువారు లేరు. మొదటిమారు మనమును ఆ పులినే నమ్మితిమి గదా యను సిగ్గు కూడ అందులో కొంత కలదు.

ఈ సంగతిని సినిమా చాల ముందుగనే కనిపెట్టినది. ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1927లో తీసిన 'ది లాడ్జర్' మాటలు లేని చిత్రము. లండను నగరము పొగమంచులో మునిగియుండును. ఒక హంతకుడు బంగారువన్నె జుట్టుగల యువతులను చంపుచుండును. ఒక ఇంటిలో గది అద్దెకు తీసికొన్న క్రొత్త మనిషి రాత్రులందు బయటికి పోవుచుండును. ముఖమునకు గుడ్డ చుట్టుకొని వచ్చును. ఇంకేమి, ఇతడే యని ఇంటివారు, పోలీసులు, ప్రేక్షకులు అందరును తీర్మానింతురు. జనము వెంటబడును; చేతిబేడీలు ఇనుపకంచెకు తగులుకొని అతడు వ్రేలాడుచుండగా కొట్టుదురు. చంపినవాడు వేరొకడు, అప్పటికే మరొకచోట పట్టుబడియుండును. పొగమంచు హంతకుని దాచినది. నిర్దోషిని హంతకునిగా చూపినది కూడ అదే.

జర్మనీలో ఫ్రిట్స్ లాంగ్ 1931లో తీసిన 'ఎమ్' ఇంకను లోతైనది. ఆయనకది మొదటి మాటల చిత్రము. ఆ రోజులలో డ్యూసెల్‌డార్ఫ్ నగరమును పీటర్ క్యూర్టెన్ అనువాడు చేసిన హత్యలు గడగడలాడించినవి. 1930లో వాడు పట్టుబడినాడు, చిత్రము విడుదలయైన కొలది వారములకు 1931 జూలైలో వానికి మరణశిక్ష అమలు జరిగినది. లాంగ్ చిత్రమున పిల్లలను చంపువాని ముఖమును మొదట చూపరు. నీడను చూపుదురు. ఈలను వినిపింతురు. నార్వే సంగీతకర్త గ్రీగ్ 'పీర్ గింట్' నాటకమునకు కూర్చిన ఒక బాణీని వాడు ఈలగా వేయుచుండును. ఆ పాత్ర ధరించిన పీటర్ లోరెకు ఈల వేయుట రాదట; తెరచాటునుండి తానే వేసినానని లాంగ్ తరువాత చెప్పుకొన్నారు.

అందులో ఒక తల్లి భోజనమునకు పళ్ళెము పెట్టి బిడ్డకొరకు ఎదురుచూచుచుండును. గడియారము కొట్టును. బిడ్డ పేరును పిలుచును. మనకు ఖాళీ మెట్లు కనబడును. ఖాళీ మిద్దె కనబడును. ఖాళీ పళ్ళెము కనబడును. దొర్లి వచ్చి ఆగిన బంతి, తీగలలో చిక్కుకొన్న బుడగ. హత్య తెరమీద లేనేలేదు. ఒక తల్లి గొంతు, దానికి జవాబు లేకపోవుట, అంతే. దాదాపు రేడియో నాటకమని చెప్పదగిన ఈ ఘట్టమును మేము పలుమార్లు మా క్రొత్త కళాకారులకు వినిపించినాము. తెర చూడనక్కరలేదని చెప్పి కన్నులు మూసికొని వినుమన్నాము.

చివరకు హంతకుని గుర్తుపట్టినవాడెవరు? బుడగలమ్ముకొను ఒక గ్రుడ్డివాడు. చూపున్న వారందరును వీధిలో దారిన పోవువారిమీద పడుచుందురు. ఒక ముసలాయన చిన్నపిల్లకు గంట ఎంతయైనదో చెప్పినంతమాత్రమున జనము చుట్టుముట్టి అతనిని నిలదీయుదురు. చూపు లేనివాడు మాత్రము ఆ ఈలను మరల విని, బిడ్డ చనిపోయిన దినమున ఈ ఈలయే విన్నానని జ్ఞాపకము చేసికొనును. అనుమానించుటకును గుర్తించుటకును గల దూరము ఈ రెండు ఘట్టముల నడుమ ఉన్నది. మొదటిదానికి కోపము చాలును. రెండవదానికి జ్ఞాపకముండవలెను, తప్పు చెప్పుదునేమోయను జంకు కూడ ఉండవలెను.

ఇక దక్షిణ కొరియా చిత్రము. బాంగ్ జూన్-హో 2003లో తీసిన 'మెమొరీస్ ఆఫ్ మర్డర్'. హ్వాసాంగ్ ప్రాంతమున 1986 మొదలు 1991 వరకు పదిమంది ఆడవారు హతులైన నిజవృత్తాంతము దీనికి ఆధారము. కథ వరిపొలములలో మొదలగును. పండిన చేలు, కాలువ, పిల్లల అరుపులు. తూము మూతక్రింద శవము. మన కె.సి. కాలువ గట్టున తీసినారేమోయని ఒక క్షణము భ్రమ కలిగినది మాకు. హత్యలు వానరాత్రులందే జరుగును. ఆ రాత్రులందే రేడియోలో ఒక పాట వినబడుచున్నదని స్టేషనులోని ఒక మహిళా పోలీసు కనిపెట్టును. ఎవరో శ్రోత ఆ పాటను కోరి ఉత్తరము వ్రాయుచున్నాడు! పోలీసులు ఆ చిరునామాకొరకు వెదకుదురు. ప్రతిదినము మాకును పాటలు కోరుచు ఉత్తరములు వచ్చును. పేరు చదివి, ఊరు చదివి, పాట వేయుదుము. ఆ చిత్రము చూచిన మరునాడు మా బల్లమీది కార్డులను ముట్టుకొనుటకు కొంచెము సంకోచించినామని ఒప్పుకొనక తప్పదు.

అయితే ఆ చిత్రమున మమ్ము ఎక్కువగా కలచినది ఆ పాట కాదు. పల్లె పోలీసులు మొదట పట్టుకొన్నది బుద్ధిమాంద్యముగల ఒక యువకుని. కొట్టుదురు. బూటుజాడను తామే తయారుచేయుదురు. హత్య ఎట్లు జరిగినదో వానిచేత చెప్పింతురు. చెప్పినదంతయు సరిపోవుచున్నదని సంతోషింతురు. చాలకాలము తరువాత గాని వారికి తోచదు, అతడు అంత వివరముగా చెప్పుటకు కారణము చంపియుండుట కాదు, చూచియుండుట యని. ఆ కేసులో ఉన్న ఒకే ఒక ప్రత్యక్షసాక్షిని వారు అప్పటికే భయముతో పనికిరానివానిగా చేసినారు. మరల అడుగబోయినప్పుడు అతడు పారిపోయి రైలుక్రింద పడును. లోకములోని అపరాధపరిశోధక చిత్రములలో ఇంతకంటె భయంకరమైన ఘట్టము మేము చూడలేదు. కత్తి లేదు, చీకటి లేదు. తొందరపాటు ఒక్కటే ఉన్నది.

నిజజీవితము సినిమాను మించినది. చిత్రము వచ్చిన పదునారేండ్లకు, 2019లో, భద్రపరచిన పాత వస్తువులపైనున్న జీవకణముల పరీక్షవలన అసలు హంతకుడు బయటపడినాడు. తన బంధువునే చంపిన మరొక నేరమునకు వాడు 1994 మొదలు చెరసాలలోనే ఉన్నాడు. నేరమును ఒప్పుకొన్నను హ్వాసాంగ్ హత్యలకు వానిని శిక్షింప వీలులేకపోయినది. చట్టము విధించిన గడువు 2006లోనే తీరిపోయినది. ఆ చిత్రమును చెరసాలలో చూచితినని, సినిమాగా మాత్రమే చూచితినని, మనస్సులో ఏమియు కలుగలేదని వాడు 2020లో న్యాయస్థానమున చెప్పినాడు. చిత్రపు చివరిలో డిటెక్టివు తెరలోనుండి నేరుగా ప్రేక్షకుల కన్నులలోనికి చూచును; హంతకుడు హాలులో కూర్చుండియుండునేమో యని దర్శకుడు అట్లు పెట్టినాడు. ఆ చూపు వానిని చేరినది గాని తాకలేదన్నమాట.

దానికంటె బరువైన సంగతి వేరొకటి ఉన్నది. ఆ హత్యలలో 1988నాటి ఒకదానికి అంతకుముందే ఒక యువకుని దోషిగా నిర్ణయించినారు. నిద్రపోనీయక ఒప్పించిన ఒప్పుకోలు అది. ఇరువదియేండ్లకు దగ్గరగా ఆయన చెరలో గడపినారు. న్యాయస్థానము 2020 డిసెంబరులో ఆయనను నిర్దోషిగా ప్రకటించినది. ఆ ఇరువదియేండ్లును ఊరివారు ఒక హత్యకైనను హంతకుడు దొరికినాడని నెమ్మదిగా నిద్రపోయియుందురు. వారికి దొరికిన పులి ఆయన.

దూరదేశపు సంగతి యని త్రోసివేయుటకు వీలులేదు. మన తెలుగునాటనే, నేరము జరుగకముందే కొన్ని కులములవారిని నేరస్థులని వ్రాసిపెట్టిన చట్టముండెడిది. బ్రిటిషు ప్రభుత్వము 1871లో దానిని చేసినది. 1911నాటి సవరణతో మద్రాసు రాష్ట్రమునకు వర్తించినది. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1952లో గాని దేశమంతటను రద్దు కాలేదు. బాపట్ల దగ్గరి స్టువార్టుపురము అట్లు వెలసిన సెటిల్మెంటే. అక్కడివారు ఊరు దాటవలెనన్న అనుమతి కావలెను, హాజరు పలుకవలెను. ఎక్కడ దొంగతనము జరిగినను మొదట అక్కడికే పోలీసులు పోవుదురు. చట్టము పోయి డెబ్బదియేండ్లు దాటినది. పేరు మాత్రము సినిమాలవలనను, మాటలవలనను ఇంకను పోలేదు.

ఇటీవలి తెలుగు చిత్రములలో 2019నాటి 'రాక్షసుడు'ను మా శ్రోత కూడ ప్రస్తావించినారు. అంతకుముందటి సంవత్సరము తమిళమున వచ్చిన 'రాట్చసన్'కు ఇది తెలుగు రూపము. సినిమా దర్శకుడు కావలెనని ఆశపడి, చివరకు పోలీసు ఉద్యోగములో చేరిన యువకుడు బడిపిల్లలను చంపుచున్నవానిని వెదకును. బొమ్మగల పెట్టె వచ్చినదనగా ఒక బిడ్డ ప్రాణము పోనున్నదని అర్థము. జిబ్రాన్ కూర్చిన నేపథ్యసంగీతము గొప్పది. ఒక బాలిక పెట్టుకొన్న వినికిడి యంత్రము పరిశోధనకు దారి చూపును. చెవిపని చేయువారముగా ఈ కల్పనకు మేము చేతులు జోడించినాము. కాని ఆ చిత్రమున మాకు రుచింపని సంగతి ఒకటి ఉన్నది. హంతకుని గతమును చెప్పవలసినచోట ఒక అరుదైన వ్యాధిని, దానివలన కలిగిన వికారరూపమును, తోటిపిల్లల ఎగతాళిని చూపుదురు. జాలి చూపించుటకే ఉద్దేశించినారని ఒప్పుకొందుము. చూచి బయటికి వచ్చినవాడు మాత్రము, వీధిలో వింతగా కనబడు మనిషిని చూచినప్పుడు జాలిపడునో, పిల్లలను దగ్గరకు లాగికొనునో ఆలోచింపవలెను. రెండున్నర గంటలు మనలను గడగడలాడించి, ఆఖరున మరల ఒక క్రొత్త పులిని మన చేతికిచ్చి పంపినట్లు మాకు తోచినది.

లాంగ్ ఆ పని చేయలేదు. ఆయన హంతకుడు గుండ్రని ముఖముతో, పండు కొనుక్కొని తినుచు, ఎవరి ఇంటిలోనైనను ఉండదగిన మనిషివలె నుండును. కొరియా చిత్రపు చివర ఒక చిన్నపిల్ల, పాత తూము దగ్గర తాను చూచిన మనిషి ఎట్లుండెనో చెప్పుటకు ప్రయత్నించును. సాధారణముగా నుండెననియే గాని మరియొక మాట ఆ పిల్లకు దొరకదు. డిటెక్టివు ముఖము అప్పుడు మారును.

మా శ్రోత ఉత్తరమునకు క్రింద ఒక కొసమాట కూడ ఉన్నది. తమ ఊరిలో కొందరు యువకులు కలిసి నెలకొక మంచి చిత్రమును చూచి చర్చించుకొందురట. ఈ తరహాలో దేనితో మొదలు పెట్టవలెనని అడిగినారు. 'ఎమ్'తో మొదలు పెట్టుడని మా సలహా. భాష జర్మను, క్రింద వ్రాత ఆంగ్లము. కథ తెలిసినవారొకరు ముందుగా పది నిమిషములు చెప్పినచో ఇబ్బంది లేదు. రాత్రి వేళ చూడవలెను. ఫ్యాను చప్పుడు చేయుచున్నచో ఆపివేయవలెను, ఉక్కపోసినను సరే. 'అన్వేషణ'ను ఆ మరునెల వేసికొని, ఈసారి పులి యను మాటను ఎవరెవరు ఎన్నిమారులు పలికినారో ఒకరు కాగితముమీద గుర్తు పెట్టుకొనవలెనని కోరుచున్నాము. ఆ లెక్కను మాకు వ్రాసి పంపినచో ఈ శీర్షికలోనే చదువుదుము.